ముఖానికి మాస్కు, గదికి కిటికీ

ఆసుపత్రిలో రోగి దగ్గర ఉంటున్న మీరందరూ ఈ దృశ్యం చూసే ఉంటారు. ఉదయం డ్యూటీకి వచ్చిన సిస్టర్ వార్డులోని కిటికీలన్నీ తెరుస్తుంది. ఆమె అటు వెళ్లగానే ఎవరో ఒకరు లేచి మెల్లగా మూసేస్తారు. ఎందుకమ్మా అని అడిగితే, "గాలి తగిలితే మా పెద్దాయనకి దగ్గు ఎక్కువైద్ది సిస్టరమ్మా" అంటారు. అప్పటికే ఆ మంచం చుట్టూ ఏడెనిమిది మంది బంధువులు కూర్చుని ఉంటారు. ఒకాయన తుమ్ముతుంటాడు. ఒకామె మాస్కు గడ్డం కింద వేలాడుతుంటుంది.

మీరు ప్రేమతోనే కిటికీ మూస్తారు. ప్రేమతోనే అంతమంది వస్తారు. కాని ఆ ప్రేమే ఒక్కోసారి రోగికి ఇంకో జబ్బును అంటిస్తుంది. ఆపరేషన్ బాగా జరిగి రేపో మాపో ఇంటికి వెళ్లాల్సిన మనిషికి నాలుగో రోజున జ్వరం, ఆయాసం మొదలవుతాయి. అందుకే మాస్కు ఏం చేస్తుంది, తెరిచిన కిటికీ ఏం చేస్తుంది అనే రెండు విషయాలు మీకు వివరంగా చెప్పాలనుకుంటున్నాను. కారణం తెలిస్తే ఎవరూ చెప్పకుండానే మీరే పాటిస్తారు.

వైరస్ ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరుతుంది?

జలుబు, ఫ్లూ, కరోనా, తట్టు (పొంగు) వంటి జబ్బుల వైరస్‌లు రోగి ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో పెరుగుతాయి. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు తుంపరలతో బయటికి వస్తాయి. ఇది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. మాట్లాడినప్పుడు, పాట పాడినప్పుడు, చివరికి ఊరికే ఊపిరి వదిలినప్పుడు కూడా కంటికి కనబడని అతి సన్నని తుంపరలు బయటికి వస్తాయి. పెద్ద తుంపరలు బరువుగా ఉండి ఆరడుగుల లోపే నేల మీద పడిపోతాయి. సన్నవి పడవు. పొగలాగా గాలిలో తేలుతూ ఉంటాయి.

ఇది అర్థం కావాలంటే చుట్ట తాగే తాతగారిని గుర్తుచేసుకోండి. ఆయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటే పక్కన కూర్చున్నవారికి మాత్రమే వాసన తగులుతుంది. అదే చుట్ట తలుపులు మూసిన గదిలో కాలిస్తే? ఆయన లేచి వెళ్లిపోయిన అరగంట తర్వాత మీరు ఆ గదిలోకి వెళ్లినా పొగ వాసన కొడుతుంది. రోగి ఊపిరి కూడా సరిగ్గా ఇలాంటిదే. కాకపోతే చుట్టకు వాసన ఉంటుంది, వైరస్‌కు ఉండదు. అందుకే మనం కనిపెట్టలేం.

2020 మార్చిలో మన ఒంగోలులో మొదటి కరోనా కేసు బయటపడినప్పుడు మాలాంటి నర్సులకు కూడా ఈ సంగతి ఇంత స్పష్టంగా తెలియదు. చేతులు కడుక్కోండి, ఆరడుగుల దూరంలో ఉండండి అని చెప్పేవాళ్లం. కరోనా గాలి ద్వారా వ్యాపించేది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ నెలలో చెప్పింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి, ఇది గాలిలో కూడా వ్యాపిస్తోంది, గుర్తించండి అని బహిరంగ లేఖ రాశారు. 2021 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను అంగీకరించింది. అదే ఏడాది మే నెలలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం ఒక సూచన విడుదల చేసింది. సన్నని తుంపరలు గాలిలో 10 మీటర్ల వరకు వెళ్లగలవనీ, కాబట్టి మాస్కు, దూరం, శుభ్రతలతో పాటు గదిలోకి గాలి వచ్చిపోయేలా చూసుకోవాలనీ అందులో చెప్పారు. చేతులు కడుక్కోవడం ఇప్పటికీ మంచి అలవాటే. దానివల్ల విరేచనాలు, కామెర్లు వంటి ఎన్నో జబ్బులు తగ్గుతాయి. కాని గాలిలో ఉన్నదాన్ని సబ్బు ఆపలేదు.

మన రాష్ట్రంలో తెలిసిన లెక్క

ఈ విషయంలో మన రాష్ట్రం పేరు ప్రపంచమంతా చదివింది. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి, ఎవరికి కరోనా వచ్చింది, వారు ఎవరెవరిని కలిశారు అని రాసుకున్నారు. సుమారు 85 వేల మంది రోగులు, వారిని కలిసిన 5 లక్షల 75 వేల మంది వివరాలను పరిశోధకులు పరిశీలించి ఆ ఏడాది సెప్టెంబరులో ప్రకటించారు.

అందులో తేలింది వినండి. నూటికి 71 మంది రోగుల నుంచి, తెలిసినంతలో, ఒక్కరికి కూడా జబ్బు అంటలేదు. కొద్దిమంది నుంచి మాత్రం చాలామందికి అంటింది. ఎక్కడ కలిశారన్న దాన్నిబట్టి కూడా ఎంతో తేడా కనిపించింది. బయట, సమాజంలో కలిసినవారిలో నూటికి 3 కంటే తక్కువ మందికి వచ్చింది. ఒకే ఇంట్లో ఉన్నవారిలో నూటికి 9 మందికి వచ్చింది. రోగితో ఒకే వాహనంలో దగ్గరగా కూర్చుని 6 గంటలు, అంతకంటే ఎక్కువ ప్రయాణం చేసినవారిలో మాత్రం నూటికి 79 మందికి వచ్చింది. అలా ప్రయాణం చేసినవారి సంఖ్య ఆ లెక్కలో తక్కువే. అయినా ఆ తేడా చిన్నది కాదు. మనిషి ఒక్కడే, వైరస్ ఒక్కటే. మారింది గాలి, దగ్గరతనం, గడిపిన సమయం.

ఒక భోజనాల గది కథ

ఇప్పుడు మా సొంత అనుభవం చెబుతాను. ఇది చెప్పడానికి నాకు సంతోషం లేదు. అయినా చెప్పాలి.

2021 ఏప్రిల్, మే నెలలు. రెండోసారి కరోనా వచ్చిన రోజులు. నేను పనిచేస్తున్న వార్డు నిండా ఆక్సిజన్ మీద ఉన్న రోగులే. మేము ఎన్-95 మాస్కు గట్టిగా బిగించుకుని గంటల తరబడి ఉండేవాళ్లం. ముక్కు మీద పుండ్లు పడేవి. అన్ని రోజులు ఆ రోగుల మధ్య తిరిగినా మాలో ఎవరికీ ఏమీ కాలేదు. మధ్యాహ్నం మాత్రం భోజనానికి ఒక చిన్న గదిలోకి వెళ్లేవాళ్లం. బయట ఎండ మండిపోతోందని తలుపు, కిటికీలు మూసి ఏసీ వేసుకునేవాళ్లం. మాస్కులు తీసి, ఎదురెదురుగా కూర్చుని, ఒకరి క్యారియర్‌లోని కూర ఇంకొకరం పంచుకుని, కబుర్లు చెప్పుకుంటూ తినేవాళ్లం. ఆ అరగంటే మాకు రోజు మొత్తంలో విశ్రాంతి.

ఒక వారంలో మాలో ఐదుగురికి జ్వరం వచ్చింది. వారిలో నేనూ ఉన్నాను. నా నుంచి మా అత్తగారికి అంటింది. ఆమె పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి, దేవుని దయవల్ల బతికి బయటపడ్డారు. మాకందరికీ పని నేర్పిన పెద్ద సిస్టర్ మాత్రం తిరిగి డ్యూటీకి రాలేదు.

ఎవరి నుంచి ఎవరికి అంటిందో రుజువు చేయలేం. కాని ఆ ఐదుగురం ఒకే సమయంలో భోజనానికి వెళ్లేవాళ్లం. రోగుల దగ్గర భయంతో జాగ్రత్తగా ఉన్నాం, మనవాళ్లే కదా అనుకున్నచోట జాగ్రత్త మరిచాం. మీరు కూడా సరిగ్గా ఇక్కడే పొరపాటు పడతారు. పరాయివారి ముందు మాస్కు పెట్టుకుంటారు, సొంత అన్నదమ్ములు రాగానే తీసేస్తారు. వైరస్‌కు బంధుత్వం తెలియదు.

బయటి గాలి ఏం చేస్తుంది?

ఇంట్లో ఎండుమిరపకాయలు వేయించినప్పుడు ఏమవుతుంది? వంటగది తలుపు మూసి ఉంటే ఇంటిల్లిపాదీ దగ్గుతారు. కిటికీ తెరిస్తే కాసేపట్లో ఘాటు తగ్గిపోతుంది. మన ప్రాంతంలో కల్లాల్లో క్వింటాళ్ల కొద్దీ మిరపకాయలు ఆరబోస్తారు. అయినా అక్కడ అంత ఇబ్బంది ఉండదు, ఎందుకంటే గాలి ఆ ఘాటును ఎప్పటికప్పుడు చెదరగొట్టి తీసుకుపోతుంది. కాని ఆ కాయల మీదే వంగి తొడిమెలు తీసే ఆడకూలీలకు ముక్కు మండుతూనే ఉంటుంది. దగ్గరగా ఉంటే బయట కూడా పూర్తి రక్షణ లేదని దీన్నిబట్టి గ్రహించాలి. తిరునాళ్లలో, రాజకీయ సభల్లో ఒకరి ముఖంలో ఒకరు ఊపిరి వదులుతూ నిలబడితే, అది ఆరుబయలు అయినా ప్రమాదమే.

చైనాలో 2020 మొదట్లో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మందికి ఒకేచోట జబ్బు సోకిన 318 సంఘటనలను పరిశీలిస్తే, అవన్నీ గదుల్లోనో వాహనాల్లోనో జరిగినవే. వారు చూసిన వేల కేసుల్లో ఆరుబయట అంటినట్టు తేలింది ఒక్క సంఘటనలోనే. ఒక గ్రామంలో ఇద్దరు బయట నిలబడి మాట్లాడుకున్నప్పుడు ఒకరి నుంచి ఒకరికి అంటింది.

మూసిన గది ఏం చేయగలదో చెప్పడానికి ఇంకో సంఘటన ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక గాయకబృందం పాటల అభ్యాసానికి కూడింది. 61 మంది వచ్చారు. వారిలో ఒక్కరికి జలుబులాంటి లక్షణాలు ఉన్నాయి. రెండున్నర గంటలు గదిలో పాడారు. తర్వాత 52 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. గట్టిగా పాడినప్పుడు సన్నని తుంపరలు మామూలు మాటల్లో కంటే ఎక్కువగా వస్తాయి. మన సంఘాల్లో క్వయర్ ప్రాక్టీసులు, గృహ ప్రార్థన కూటాలు జరుపుకునే పెద్దలు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కూటాలు మానమని కాదు. వాకిట్లో పందిరి కింద జరుపుకోండి, జలుబు ఉన్నవారు ఆ వారానికి ఇంట్లో ఉండండి అని మాత్రమే.

పాతకాలం మిషన్ ఆసుపత్రుల్లో పైకప్పులు అంత ఎత్తుగా, కిటికీలు అంత పెద్దవిగా, చుట్టూ వరండాలు ఎందుకు కట్టారో తెలుసా? 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ గారు రాసిన నర్సింగు పుస్తకంలో మొదటి పాఠమే గాలి గురించి. రోగికి చలి పుట్టకుండా చూస్తూనే, గదిలోని గాలిని బయటి గాలి అంత శుభ్రంగా ఉంచాలని ఆమె నేర్పారు. మదనపల్లి దగ్గర ఆరోగ్యవరంలో వివిధ మిషన్లు కలిసి నడిపిన క్షయ ఆసుపత్రి 1912లో స్థాపించబడింది. అప్పటికి టీబీకి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పౌష్టికాహారమే వైద్యం. టీబీ వైరస్ కాదు, బాక్టీరియా. కాని అది కూడా గాలిలోనే వ్యాపిస్తుంది.

2007లో పెరూ దేశంలోని లిమా నగర ఆసుపత్రుల్లో ఈ సంగతిని కొలిచి చూశారు. కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకు సుమారు 28 సార్లు పూర్తిగా మారింది. మూసిన గదుల్లో యంత్రాలతో గాలి పంపినచోట గంటకు 12 సార్లే మారింది. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాత కట్టడాల్లో అయితే 40 సార్లు మారింది. కాబట్టి సిస్టర్ తెరిచిన కిటికీని మూసేముందు ఒక్కసారి ఆలోచించండి. మీరు మూస్తున్నది డబ్బు ఖర్చు లేని ఒక వైద్యాన్ని.

మాస్కు ఏం చేస్తుంది?

అంటువ్యాధి వార్డులో మాస్కు వాడకం పెద్ద ఎత్తున మొదలైంది 1910–11 శీతకాలంలో. చైనాలోని మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి సుమారు 60 వేల మంది చనిపోయారు. వూ లియెన్‌టే అనే యువ వైద్యుడు జబ్బు ఊపిరి ద్వారా అంటుతోందని గ్రహించి, గాజుగుడ్డ మధ్య దూది పెట్టి కుట్టిన మాస్కును అందరికీ కట్టించారు. మెస్నీ అనే పేరున్న ఫ్రెంచి వైద్యుడు ఆ మాట నమ్మలేదు. మాస్కు లేకుండా రోగులను పరీక్షించారు. కొద్దిరోజుల్లోనే అదే ప్లేగుతో మరణించారు.

మన రాష్ట్రంలో 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున సుమారు 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని నిర్ణయించింది. డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు వాటిని కుట్టారు. మీ ఇళ్లలో ఇంకా ఒకటో రెండో ఉండవచ్చు. మరి అన్ని మాస్కులూ ఒకటేనా? కాదు.

గుడ్డ మాస్కు, చీర కొంగు, తువాలు: దగ్గు, తుమ్ముల పెద్ద తుంపరలను ఆపుతాయి. సన్నవాటిని కొంతవరకే ఆపుతాయి. పత్తి మిల్లులో తువాలు కట్టుకుంటే నూగు ఆగుతుంది కాని సన్న దుమ్ము లోపలికి పోతుంది కదా, అలాగే. ఏమీ లేనప్పుడు ఇవే మేలు.

మూడు పొరల సర్జికల్ మాస్కు: గుడ్డకంటే బాగా వడకడుతుంది. దీని మధ్య పొర జల్లెడలాంటిది మాత్రమే కాదు. తల దువ్విన దువ్వెన చిత్తు కాగితాలను లాక్కున్నట్టు, ఆ పొరకు ఉన్న విద్యుత్ గుణం సన్నని కణాలను లాగి పట్టుకుంటుంది. అందుకే దీన్ని ఉతకకూడదు. ఉతికితే ఆ గుణం పోతుంది. బుగ్గల పక్కన ఖాళీలు ఉండడం దీని లోపం.

ఎన్-95 మాస్కు: ముఖానికి అతుక్కుని ఉంటే, అతి సన్నని కణాల్లో కూడా నూటికి కనీసం 95ను ఆపుతుంది. ముందు బిళ్ల (వాల్వు) ఉన్నది కొనవద్దు. అది మీ ఊపిరిని వడకట్టకుండానే బయటికి వదులుతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2020 జులైలో ఇదే హెచ్చరిక చేసింది.

మాస్కు వల్ల నిజంగా లాభం ఉందా అని మీరు అడగవచ్చు. మన పక్క దేశం బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో పెద్ద పరిశోధన జరిగింది. సగం గ్రామాల్లో మాస్కులు పంచి, ఎలా పెట్టుకోవాలో నేర్పారు. అక్కడ కూడా పెట్టుకున్నవారు నూటికి 42 మందే. మిగతా గ్రామాల్లో 13 మందే. సర్జికల్ మాస్కులు పంచిన గ్రామాల్లో లక్షణాలతో కూడిన కరోనా సుమారు 11 శాతం తగ్గింది. 60 ఏళ్లు దాటినవారిలో 35 శాతం తగ్గింది. సగం మంది కూడా పెట్టుకోనప్పుడే వృద్ధులకు అంత మేలు జరిగింది. మాస్కు కవచం కాదు, అది లోపలికి వెళ్లే వైరస్ మోతాదును తగ్గిస్తుంది. కిటికీ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిస్తేనే రక్షణ పెరుగుతుంది.

కొన్ని సందేహాలు

"చలిగాలి తగిలితే జలుబు రాదా?" గాలి వైరస్‌ను పుట్టించదు. జలుబు ఉన్న మనిషి నుంచే జలుబు వస్తుంది. రోగికి చలి అనిపిస్తే దుప్పటి కప్పండి, మంచం కిటికీకి కొంచెం పక్కకు జరపండి. కిటికీ మాత్రం మూయకండి.

"మాస్కు పెట్టుకుంటే ఆక్సిజన్ తగ్గదా?" తగ్గదు. ఆపరేషన్ థియేటరులో డాక్టర్లు గంటల తరబడి మాస్కుతోనే పనిచేస్తారు. కాని ఆయాసపడుతున్న రోగికి, ఆక్సిజన్ పెట్టిన రోగికి మీ అంతట మీరు మాస్కు కట్టవద్దు. సిస్టరును అడగండి. 5 ఏళ్లలోపు పిల్లలకు మాస్కు అవసరం లేదు. 2 ఏళ్లలోపు పిల్లలకు అసలు కట్టకూడదు.

"ఫ్యాన్ వేశాం కదా, చాలదా?" కిటికీలు మూసి ఫ్యాన్ వేస్తే ఉన్న గాలే గదంతా తిరుగుతుంది. ఏసీ కూడా అంతే, ఆ గాలినే చల్లబరిచి మళ్లీ ఇస్తుంది. కిటికీలో పెట్టిన కూలర్ బయటి గాలిని లాగుతుంది కాబట్టి అది నయం. అయితే ఆ గాలి బయటికి పోవడానికి ఎదురుగా తలుపో కిటికీయో తెరిచి ఉండాలి.

"బాలింత గది మూసి ఉంచాలి కదా?" తలుపులు బిగించి సాంబ్రాణి పొగ వేస్తే ఆ పసిబిడ్డ ఊపిరితిత్తులకే హాని. పైగా చూడవచ్చిన వారి జలుబంతా ఆ గదిలోనే ఉండిపోతుంది.

రోగి దగ్గర మీరు చేయవలసినవి

1. ఒకసారికి ఒక్కరే ఉండండి. ఆరోగ్యంగా, టీకాలు వేయించుకుని ఉన్నవారైతే మంచిది. మిగతావారు బయట చెట్టు కింద కూర్చోండి.

2. దగ్గు, జలుబు, జ్వరం ఉన్నవారు వార్డులోకి రావద్దు. ఎంత దగ్గరి బంధువైనా సరే.

3. మాస్కు ముక్కునూ గడ్డాన్నీ కప్పాలి. ముక్కు మీద ఉన్న తీగను నొక్కండి. తడిస్తే మార్చండి. తాళ్లు పట్టుకుని తీసి, మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి.

4. ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా ఒక కిటికీ, ఒక తలుపు తెరవండి. దోమల భయం ఉంటే మెష్ కట్టించండి, దోమతెర వాడండి.

5. ఇంట్లో రోగి ఉంటే, గాలి మీ వెనక నుంచి రోగి వైపుకు, అక్కడి నుంచి కిటికీ బయటికి పోయేలా కూర్చోండి. టేబుల్ ఫ్యాన్‌ను కిటికీ వైపు తిప్పి పెట్టండి.

6. మే నెల వడగాడ్పుల్లో మధ్యాహ్నం కిటికీలు దగ్గరగా వేసినా, ఉదయం, సాయంత్రం పూర్తిగా తెరవండి.

7. వార్డులో అందరూ కలిసి భోజనం చేయవద్దు. మాస్కు తీసేది తినేటప్పుడే కాబట్టి వరండాలోకి వెళ్లి తినండి.

8. రోగిని తీసుకెళ్లే ఆటో పక్కలు తెరిచే ఉంచండి. కారైతే అద్దాలు కొంచెం దించండి.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. కాని కరోనా పూర్తిగా పోలేదు. ఫ్లూ కూడా తరచు వస్తూనే ఉంటుంది. షుగరు, ఆస్తమా, కీమోథెరపీ, డయాలసిస్ రోగులకు, ముసలివారికి మామూలు జలుబు కూడా ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి రావచ్చు.

మా భోజనాల గదికి ఇప్పుడు ఏసీ వాడడం లేదు. వరండాలో వేపచెట్టు వైపు బల్లలు వేసుకుని, దూరం దూరంగా కూర్చుని తింటున్నాం. పెద్ద సిస్టర్ ఉన్న రోజుల్లో అంత చిన్న మార్పు మాకు తోచలేదు. మీకు ముందే తెలియాలనే ఇదంతా రాశాను. రేపు ఉదయం సిస్టర్ వచ్చేలోపే మీ రోగి పక్కన ఉన్న కిటికీని మీరే తెరవండి.